ఇంటి ఛాయాపటములకొక పద్దు

వస్తువు ఇంటిలో నుండుట వేఱు, వలసినపుడు చేతికందుట వేఱు. ఉన్నను దొరకని వస్తువు లేనిదానితో సమానము. ఉప్పుపప్పుల విషయమున ఈ సంగతి గృహిణులకు మేము చెప్పనక్కరలేదు. ఆవకాయ జాడీ యేదో, మాగాయ జాడీ యేదో, నిరుటిదేదో, ఈ యేటిదేదో వారు చీకటిలో నైనను చెప్పగలరు. కాని ఆ యింటనే యున్న ఛాయాపటముల మాట వచ్చునప్పటికి ఇంతటి నేర్పరులమును తెల్లబోవుచున్నాము. ట్రంకు పెట్టెలో కొన్ని, గోడమీద కొన్ని, సెల్‌ఫోనులో వేలకొలది. కావలసినది మాత్రము కానరాదు.

మాది నూజివీటి మామిడి సీమలోని రెడ్డిగూడెము. వేసవిలో రసములు, బంగినపల్లులు కోతకు వచ్చు దినములలో బంధువులందఱు మా యింట చేరుట వాడుక. కొన్ని యేండ్ల క్రిందట అట్టి వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము పిల్లలు అటుకమీది పాత పెట్టెను దింపి తెఱచిరి. దస్తావేజుల అడుగున ఒక పెండ్లి పటము దొరకినది. పదునొకండుగురు నిలిచి యున్నారు. చివరను ఓణీ వేసికొనిన బాలిక యొకతె. ఆమె యెవరో మాలో నెవరికిని తెలియలేదు. అప్పటికి ఎనుబదినాలుగేండ్లు నిండిన మా అత్తగారు ఆ పటమును కిటికీ వెలుతురునకు పట్టుకొని చాలసేపు చూచి, "అది మా చెల్లెలమ్మా. మా అన్నయ్య పెళ్లిలో తీసింది. ఆ యేడే పోయింది. ఈ ఫొటో ఎక్కడో పోయిందనుకున్నాను, దాని మొహం చూసి అరవయ్యేళ్లయింది" అనిరి.

ఆ పటము అన్నియేండ్లును ఆమె పండుకొనిన గదికి పై అటుకమీదనే యున్నది. ఆమె అడిగినవారు లేరు. మేము వెదకినవారము కాము. ఆ సాయంకాలమే మేమొక నోటుపుస్తకమును, పెన్సిలును తెచ్చుకొని ఆమె ప్రక్కను కూర్చుంటిమి.

పని మొదలిడిన పిదప తెలిసినదేమనగా, పటము వెనుక ఏదో యొకటి వ్రాసినంత మాత్రమున చాలదు. ఒకదాని వెనుక "అత్తయ్య, పెళ్లినాడు" అని యున్నది. ఎవరి అత్తయ్య? వ్రాసినవారికి అత్తయ్య యైనది మఱియొకరికి తల్లి, ఇంకొకరికి తోడికోడలు, మనుమరాలికి నాయనమ్మ. వరుసలు చూచువారిని బట్టి మారును, పేరు మారదు. పేరు వ్రాసినను సందేహము తీఱదు. మన యిండ్లలో నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టుట కద్దు. పెండ్లితో స్త్రీకి ఇంటిపేరు మారుటయు కద్దు. కావున పేరు, పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు, ఎవరి కూతురను మాట, ఈ నాలుగును వ్రాయవలెను. పురుషుల విషయమున ఇంత చిక్కు లేదు. పటములలో తొందరగా అనామకులగువారు స్త్రీలే యని మాకు ఆనాడు తెలిసినది.

మఱియొక పటము వెనుక "విజయ, వైశాఖము" అని కలదు. విజయ యను బాలికయా, విజయనామ సంవత్సరమా? అత్తగారు సంవత్సరమే యనిరి. అయినను ఆ సంవత్సరము 1953లో వచ్చినది, అరువదేండ్లకు మరల 2013లోను వచ్చినది. పటము నలుపుతెలుపులలో నున్నది గనుక 1953 అని మేము పోల్చుకొంటిమి. తిథివారములు వ్రాయుట మంచిదే. వానితోపాటు 1953 అని అంకెలలోను వ్రాసిన సందేహముండదు. సంవత్సరము నిశ్చయముగా తెలియనిచో "పెద్దవాడు పుట్టకముందు", "పెంకుటిల్లు తీసి డాబా వేసిన తరువాత" అని వ్రాసినను చాలును. తరువాతివారు దానిని బట్టి లెక్క కట్టుకొనగలరు.

ఊరి పేరు వ్రాయుడు. జిల్లా పేరు నమ్ముకొనవలదు. మా గ్రామము చిరకాలము కృష్ణా జిల్లాలో నుండెను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినపుడు రెడ్డిగూడెము ఎన్.టి.ఆర్. జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినవి. ఒకే తోపులోని కాయలవలె మెలగిన రెండూళ్లు కాగితముమీద వేర్వేఱు జిల్లాలైనవి. ఊరు మాత్రము ఉన్నచోటనే యున్నది.

పటములకు వరుస సంఖ్యలు వేసి పద్దు వ్రాయుట క్రొత్తగా పుట్టిన పద్ధతి కాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ (1844–1905) తీసిన పటముల అంచున సంఖ్యయు, పలుచోట్ల స్థలము పేరును నేటికిని కనుపడును. అవి గాజుపలకమీదనే వ్రాయబడినవి గనుక పలకతోపాటు నిలిచినవి. ఘోషాలోని స్త్రీలకై 1892లో ఆయన హైదరాబాదు సంస్థానమునందు ప్రత్యేకముగా జనానా స్టూడియో తెఱచి, అందు పటములు తీయుటకు ఒక ఆంగ్లవనితను నియమించెను. ఆయన గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. అన్ని వేల పలకలలో వలసినదానిని గుర్తించుటకు అంచునగల ఆ చిన్న అంకెయే ఆధారము. మన యింటి నూటయేబది పటములకు అంతకంటె హంగేమియు అక్కఱలేదు.

మేము చేసిన విధము చెప్పెదము. ఒక్కొక్క సందర్భమునకు ఒక్కొక్క కాగితపు కవరు: పెండ్లికొకటి, గృహప్రవేశమునకొకటి. మనిషికొక కవరు పెట్టరాదు. పదిమంది యున్న పటమును ఎవరి కవరులో వేయుదుము? ప్రతి పటమునకు ఒక సంఖ్య. పుస్తకములో ఆ సంఖ్యకెదురుగా సంవత్సరము, ఊరు, సందర్భము, ఎడమనుండి కుడికి నిలిచినవారి పేర్లు, ఆ పేర్లు చెప్పినవారి పేరు. పటము వెనుక మెత్తని పెన్సిలుతో అంచున తేలికగా వ్రాయవలెను. బాల్‌పెన్ను ఒత్తిడికి ముందువైపున గీతలు తేలును. సిరా ప్రక్క పటమునకు అంటును. రంగుల ఫొటోల నునుపు కాగితముమీద పెన్సిలు పట్టదు గనుక వానికి కవరుమీద వ్రాయుట మేలు. జిగురు పుటల ఆల్బములలో నున్న పటములను వీలైనంత త్వరగా బయటికి తీయుడు; ఆ జిగురు కాలక్రమమున పటమును తినివేయును. ఫ్రేము అద్దమునకు అంటుకొనిన పటమును మాత్రము లాగవలదు. అద్దముతోనే నీడపట్టున నుంచి సెల్‌ఫోనుతో నకలు తీయుడు. నకలు తీయునపుడు ఫ్లాషు వలదు, ఎండ తగులరాదు, పటము వెనుకవైపును కూడ తీయుట మఱవరాదు.

ఇక సెల్‌ఫోను సంగతి. దీనిలో ఒక మేలు కలదు. ఫొటో తీసిన దినము, వేళ అందులోనే దాగియుండును. అనుమతించినచో చోటు కూడ నుండును. ఎగ్జిఫ్ అను ఈ యేర్పాటు 1995లో జపానులో పుట్టినది. కాని వాట్సాప్‌లో ఫొటోగా పంపినపుడు ఆ వివరములు తొలగిపోవును, ఫొటోయు చిక్కిపోవును. డాక్యుమెంటుగా పంపినచో రెండును నిలుచును. పాత పటమునకు ఈనాడు నకలు తీసినచో ఫోను దానికి ఈనాటి తేదీయే వేయును. 1961 నాటి పెండ్లి నిన్నటి వంటపటముల నడుమ చేరిపోవును. కావున ఫైలు పేరునే మార్చి, 2024-05-12 రెడ్డిగూడెం మామిడికోత అను రీతిని ముందు సంవత్సరము, పిదప నెల, పిదప తేదీ అంకెలలో వ్రాయుడు. అప్పుడవి తమంతట తామే కాలక్రమమున నిలుచును. ముఖములను బట్టి ఫొటోలను జతచేయు యేర్పాటు కొన్ని ఫోనులలో కలదు, మంచిదే. అయితే అది తల్లిని కూతురనుకొనుట కలదు, పేరు మాత్రము మనమే చెప్పవలెను.

అన్నిటికంటె ముఖ్యము ఏరివేత. కోతనాడు తోటలో కాయల నేరి, దెబ్బ తగిలినవానిని వేఱు చేయనిదే పెట్టె కట్టరు. ఒకే పుట్టినరోజునకు తీసిన రెండువందల ఫొటోలలో పదింటిని నిలిపి తక్కినవానిని తీసివేయుడు. వారమునకు ఒక అరగంట చాలును.

నిలిపినవానికి రెండు నకళ్లు ఉండవలెను; అందొకటి వేఱొక యూర నుండవలెను. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నియో గృహములు దినముల తరబడి నీట నుండినవి. బియ్యము, బట్టలు మరల కొనుక్కొనవచ్చును; తల్లి పెండ్లిపటము ఏ యంగడిలోను దొరకదు. పొరుగూరి కూతురివద్దనో, పై దేశమందలి కుమారునివద్దనో ఒక నకలుండినచో ఆ దుఃఖము తప్పును. పద్దుపుస్తకమునకును ప్రతి పుట నకలు తీసి వారికి పంపుడు. పేర్లు లేని పటములు చేరినను సగమే చేరినట్లు.

మా అత్తగారు ఆ వేసవిలోను, తరువాతి వానకాలములోను దినమునకు నాలుగైదు పటముల చొప్పున పేర్లు చెప్పిరి. కొన్నినాళ్లు ఒక్క పటముతోనే ప్రొద్దు గ్రుంకెడిది; పేరు వెంట కథ వచ్చెడిది. పెట్టెలోని నూటనలుబది పటములలో నూటపండ్రెండింటికి పద్దు పూర్తియైనది. సంక్రాంతి వెళ్లిన పిదప ఆమె మంచము పట్టి, మరల లేవలేదు. చెల్లెలి పటము ఆమె తలాపిననే యుండెను. ఇప్పుడది పద్దులో నలుబదియేడవ సంఖ్య. పిల్లలు కూడ పుస్తకము చూచి క్షణములో తీయగలరు.

మిగిలిన ఇరువదియెనిమిది పటములు వేఱొక కవరులో నున్నవి. అందున్నవారు మావారే. ఒకరి చంకలో పసిబిడ్డ కలదు, ఇంకొకరు నవ్వుచున్నారు. వారి పేర్లు చెప్పగలవారు ఇక లేరు.

సోదరీమణులారా! మీ యింట పెద్దలున్నారా? అట్లయిన పెట్టె సర్దుట తరువాత చూచుకొనవచ్చును. నేటి సాయంకాలమే ఒక్క పటమును, ఒక్క పెన్సిలును తీసికొని వారి ప్రక్కను కూర్చుండుడు.