చుక్కలు పెట్టి సున్న చుట్టుట

మెలికల ముగ్గు వేయునపుడు మన తల్లులు ముందుగా చుక్కలు పెట్టుదురు. గీత ఆ చుక్కలను తాకక, వాని ప్రక్కగా తిరిగిపోవును. కంప్యూటరు తెరపై వంపుగీతను గీయు విధానమును ఇంచుమించు ఇట్టిదే. పై తరగతుల విద్యార్థులు స్వయముగా చేయదగిన అట్టి ప్రోగ్రాము నొకదానిని ఇచట వివరించెదను.

ఈ పద్ధతి కార్లను నిర్మించు సంస్థలలో పుట్టినది. 1959లో ఫ్రాన్సు దేశమున సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్జో దీనిని కనుగొనెను. సంస్థ దానిని రహస్యముగా నుంచెను. 1960ల దశకములో రెనో సంస్థకు చెందిన పియేర్ బెజియే ఇదే వక్రమును వేరుగా సాధించి ప్రకటించుటచే దానికి బెజియే వక్రమను పేరు నిలిచినది.

గ్రాఫు కాగితముపై (0,0), (0,8), (8,8), (8,0) అను నాలుగు చుక్కలను పెట్టి వరుసగా కలుపుడు. ఆ మూడు గీతల మధ్యబిందువులు (0,4), (4,8), (8,4). వీనిని కలిపి మరల మధ్యబిందువులను గుర్తించినచో (2,6), (6,6) వచ్చును. ఆ రెంటి నడుమ (4,6) కలదు. అదియే వక్రముపై నడిమి బిందువు. సగమునకు బదులు పదవ వంతు, రెండు పదవ వంతులు, ఇట్లు విభజించుచు పోయిన తక్కిన బిందువులును లభించును. వక్రము మొదటి, చివరి చుక్కలను తాకును. నడిమి రెండును దానిని తమవైపునకు లాగును.

ఇక ప్రోగ్రాము. పైథాన్ భాషలో నాలుగు చుక్కల జాబితా వ్రాయుడు. వక్రముపై 40 బిందువులను లెక్కించి చిన్న గీతలతో కలుపుడు. మౌస్ నొక్కినపుడు ఏ చుక్క 8 పిక్సెళ్ల దూరములోపల నున్నదో చూచి దానిని పట్టుకొనవలెను, మౌస్ కదలినకొలది ఆ చుక్కను జరిపి, పాత బొమ్మను తుడిచి క్రొత్తది గీయవలెను, వదలినపుడు విడువవలెను. తెరపై నిలువు కొలత పైనుండి క్రిందికి పెరుగును గనుక మీ వంపు తలక్రిందులుగా కనబడవచ్చును. ఎత్తు నుండి ఆ కొలతను తీసివేసిన సరిపోవును.

మొదట మన సున్నను చుట్టుడు. అందుకు నాలుగు వక్రములు చాలును. వ్యాసార్ధము 100 అయినచో, (100,0) నుండి (0,100) వరకు పోవు పాదమునకు నడిమి చుక్కలు (100,55.23), (55.23,100). ఇది అచ్చమైన వృత్తము కాదు. కాని తేడా 0.03ను మించదు, కంటికి తెలియదు. రెండు వక్రములు కలియుచోట ఇరుప్రక్కల చుక్కలును ఒకే సరళరేఖపై నుండవలెను. లేనిచో సున్నకు మొటిమ వచ్చును.

తెలుగు చదివిన బిడ్డకు కంప్యూటరుతో నేమి పని యని కొందరు తల్లిదండ్రులు అడుగుచున్నారు. మీ ఫోనులో కనబడు ప్రతి తెలుగు అక్షరమును ఎవరో ఇట్లే చుక్కలు జరిపి దిద్దినదే. మన ఊర బడి దాటిన తెలుగు అక్షరము కంటబడుట అరుదు. దానిని దిద్దు చేతులు మన పిల్లలవి ఏల కారాదు? సున్న కుదిరిన పిమ్మట 'ర' దిద్దుడు. తలకట్టు చివరకు ఉంచుడు.