ఇంటి బావి పంపు: ధార సన్నగిలినప్పుడు పరీక్షింపవలసిన విషయములు

బావికి విద్యుత్తు పంపు అమర్చుకొన్న గృహస్థులు వేసవిలో తరచుగా చెప్పు మాట యొకటి కలదు: "మోటారు పాడైనది, నీరు ఎక్కుట లేదు." మోటారు పాడగుట లేకపోలేదు. కాని అనేక సందర్భములలో దోషము వేరొక చోట నుండును. దానిని కనుగొనుటకు మెకానిక్కు రానక్కర లేదు. ధార సన్నగిలుట అసౌకర్యము మాత్రమే కాదు. గొట్టములో ఒత్తిడి తగ్గిన చోట మురుగు లోపలికి చొరబడుటకు అవకాశము కలుగును. కావుననే ఆరోగ్యమును గూర్చిన ఈ చిన్న పుస్తకములో పంపుల ప్రసక్తి వచ్చినది.

ఒక్క కుళాయిలోనే ధార తగ్గినచో ఆ కుళాయి జల్లెడలోని ఇసుకను, పాచిని తొలగించిన చాలును. అన్ని కుళాయిలలోను తగ్గినచో మేడమీది తొట్టిని చూడవలెను. తొట్టి పెద్దదైనచో ధార పెరుగునని పలువురు భ్రమపడి డబ్బు వ్యయపరతురు. ఒత్తిడి తొట్టి పరిమాణమును బట్టి కాక, ఎత్తును బట్టి యుండును. 10 మీటర్ల ఎత్తునకు చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 1 కిలోగ్రాము ఒత్తిడి కలుగును. తొట్టి కుళాయికి 3 మీటర్లు మాత్రమే ఎత్తున నున్నచో ఇందులో మూడవ వంతు కూడ దక్కదు. అందుచే పై అంతస్తులోని స్నానపుగదిలో నీరు సన్నగా వచ్చుట దోషము కాదు. తొట్టిని ఎత్తు చేయుటయే మార్గము. చవుడు నీరు గల చోట్ల పాత ఇనుప గొట్టములలో సున్నపు పొర పేరుకొని దారిని ఇరుకు చేయుట కూడ సాధారణమే.

తొట్టియే నిండుటకు ఆలస్యమగుచున్నచో లోపము పంపు వైపున నున్నది. పంపు చక్కగా పనిచేయు దినములలోనే 15 లీటర్ల బకెట్టు ఎన్ని సెకండ్లలో నిండునో చూచి గోడపై వ్రాసి యుంచుకొనుడు. తరువాత పోల్చుకొనుటకు ఇంతకంటె మంచి కొలమానము లేదు.

గట్టుమీది పంపు నీటిని లాగునని మనము అందుము. నిజమునకు నీటిని పైకి నెట్టునది బయటి వాయువు యొక్క ఒత్తిడి. సముద్రమట్టమున అది సిద్ధాంతరీత్యా 10.3 మీటర్ల వరకు నెట్టగలదు. ఆచరణలో 7 మీటర్లు దాటుట కష్టము. వేసవిలో నీటిమట్టము అంతకంటె దిగిపోయినచో హెచ్చు అశ్వశక్తి గల మోటారు కొనినను ఫలితము లేదు. పంపును క్రిందికి దింపవలెను, లేదా నీటిలో మునిగియుండు పంపును వేయించవలెను.

ప్రతి దినము పంపులో నీరు పోసినగాని అది అందుకొననిచో గొట్టము చివరనున్న ఫుట్ వాల్వు సరిగా మూసుకొనుట లేదని గ్రహింపుడు. ఈ సందర్భములో పశువుల కుడితి తొట్టిలోని నీటిని ముంచి పంపులో పోయువారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఆ నీరే తొట్టి ద్వారా త్రాగుబిందెలోనికి వచ్చును.

అన్నిటికంటె మోసకరమైనది పీల్చుగొట్టమునకు పడిన బెజ్జము. పంపు నడుచునపుడు దానినుండి నీరు బయటికి కారదు, కావున కంటికి కనబడదు. గాలి లోపలికి పోయి నీరు తెరలుతెరలుగా, తెల్లని నురుగుతో పడును. ఆ గొట్టము మురుగు కాలువ ప్రక్కన భూమిలో పోవుచున్నచో గాలికి బదులు మురుగే లోనికి పోవును. విరేచనములు, టైఫాయిడ్, కామెర్లు ఇట్టి దారిని ఇల్లు చేరగలవు. పంపు నడుచుచుండగా బయటకు కనబడు అతుకులపై సబ్బు నురుగు పూసి చూడుడు: బెజ్జమున్న చోట నురుగు లోపలికి పీల్చబడును. భూమిలోని భాగమును త్రవ్వి చూడవలసినదే.

మూడు ఫేజుల మోటారు తీగలు తారుమారైనచో అది వెనుకకు తిరిగి, నీరు కొంచెముగా ఇచ్చును. వోల్టేజి తగ్గినను ఇంతే.

నీరు చాలక బోరును లోతు చేయించువారు ఒక విషయము మరువరాదు. క్రొత్త పొరలోని నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నుండవచ్చును. నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి 1937లోనే గుర్తింపబడినది. దానికి రుచి లేదు, వాసన లేదు, కాచినను పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు త్రాగుటకు తగదు. కావున పరీక్ష చేయించినగాని త్రాగరాదు.

మరమ్మతుకై బావిలో దిగుటకు ముందు మెయిన్ స్విచ్చి తీసివేయవలెను, ఒంటరిగా దిగరాదు, డీజిలు ఇంజనును బావిలో ఎన్నడును నడుపరాదు, దాని పొగ ప్రాణములు తీయును.

పని ముగిసిన పిమ్మట కలగిన నీటిని తోడివేసి, నీరు ఊరిన తరువాత బ్లీచింగు పౌడరు వేయవలెను. 1000 లీటర్లకు మేలురకము పౌడరు కనీసము 2.5 గ్రాములు కావలెను. 2 మీటర్ల అడ్డుకొలత, 3 మీటర్ల నీటిలోతు గల బావిలో సుమారు 9,400 లీటర్లుండును. దానికి 24 గ్రాములు. పౌడరును బకెట్టు నీటిలో కలిపి, పది నిమిషములు తేరనిచ్చి, పై తేటను మాత్రమే బావిలో పోసి బాగుగా కలియబెట్టుడు. అడుగున మిగిలిన సున్నమును బావిలో వేయరాదు. పిదప పంపు నడిపి, ప్రతి కుళాయిలోను క్లోరిన్ వాసన వచ్చువరకు నీటిని విడిచి, గంటసేపు కట్టివేయుడు. గంట తరువాత లీటరుకు 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి యున్నదేమో పరీక్షింపవలెను. లేనిచో మరికొంత పౌడరు వేసి మరల గంట ఆగవలెను.