చిత్రకళలో చూచిరాత

‘కాపీ’ అనగానే కాలేజీ విద్యార్థికి పరీక్ష హాలు, స్క్వాడు గుర్తుకొస్తాయి. కానీ చిన్నప్పుడు మనందరం అక్షరాలు కుదురుగా రాయడం నేర్చుకున్నది చూచిరాత పుస్తకంలోనే గదా! చిత్రకళలో నకలు తీయడం ఈ రెండో కోవకు చెందింది. ఐరోపా సాంస్కృతిక పునరుజ్జీవన కాలంలో మహామహులనుకున్న వాళ్ళు కూడా ఇలాగే చేయి తిప్పుకున్నారు.

ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో శాంతా మరియా దెల్ కార్మినే అనే చర్చి ఉంది. అందులో బ్రాంకాచ్చి ప్రార్థనామందిరం గోడల మీద 1420లలో మసాచ్చో అనే యువకుడు బైబిలు కథలు చిత్రించాడు. 1428లో చనిపోయేనాటికి అతనికి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ చిత్రాల్లో ప్రసిద్ధమైంది ‘ట్రిబ్యూట్ మనీ’, అంటే పన్ను సొమ్ము. పన్ను అడిగినవాడికి ఇవ్వడానికి చేప నోట్లో నాణెం దొరుకుతుందని యేసు పేతురుకు చెప్పిన కథ అది. నడుమ ఆ మాట చెప్పడం, ఎడమ పక్క నాణెం తీయడం, కుడి పక్క చెల్లించడం - మూడు ఘట్టాలూ ఒకే చిత్రంలో ఉన్నాయి.

సుమారు అరవై, డెబ్భై ఏళ్ళ తర్వాత, ఇంకా కుర్రవాడైన మైకెలాంజిలో, నాణెం చెల్లిస్తున్న ఆ పేతురు బొమ్మకు కలంతో నకలు గీశాడు. ఆ కాగితం ఇప్పటికీ జర్మనీలోని మ్యూనిక్‌లో భద్రంగా ఉంది.

ఇంతకీ నకలు తీస్తే వచ్చేదేమిటి? ఊరికే చూస్తే కంటికి ఆనని సంగతులు గీస్తుంటే బయటపడతాయి. ఆ మందిరానికి నిజమైన కిటికీ ఈ చిత్రానికి కుడివైపున ఉంది. చిత్రంలోని వెలుగు కూడా కుడినుంచే వస్తుంది, నీడలన్నీ ఎడమకే పడతాయి. ఒక్కొక్క నీడా మన చేత్తో దిద్దితేగాని ఈ ఏర్పాటు ఒంటబట్టదు. అలాగే పక్కనున్న ఇంటి గీతలను స్కేలుతో పొడిగించి చూడండి. అవన్నీ వెళ్ళి యేసు తల దగ్గర కలుస్తాయి. మన చూపు అక్కడికే ఎందుకు పోతోందో అప్పుడు తెలుస్తుంది.

ఎలా మొదలుపెట్టాలి? పెద్ద సైజు ముద్రణ ఒకటి సంపాదించండి. 1980లలో గోడలమీది మసి తుడిచి శుభ్రం చేశారు కాబట్టి, ఆ తర్వాత తీసిన ఫొటో అయితే రంగులు సరిగా తెలుస్తాయి. దానిమీద, మీ కాగితం మీద సమానమైన లెక్కలో గళ్ళు గీయండి. కళ్ళూ ముక్కూ ముందు వేయకండి. కళ్ళు సగం మూసి చూస్తే వెలుగు, మధ్య ఛాయ, చీకటి అని మూడు భాగాలు కనిపిస్తాయి. వాటిని బొగ్గుతో పరిచాకే వివరాలు, ఆ తర్వాతే రంగులు. మొత్తం చిత్రం అక్కర్లేదు, మొదట పేతురు ఒక్కడు చాలు.

రోజుకో గురువును పట్టుకుంటే ఎవరి పద్ధతీ అబ్బదని, ఒక్కరినే ఎంచుకొని సాధన చేయమని 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని తన చిత్రకళా గ్రంథంలో హెచ్చరించాడు. దాన్ని 1899లో ఇంగ్లీషులోకి తెచ్చిన క్రిస్టియానా హెరింగ్‌హామ్, ఇటలీ పాత చిత్రాలకు స్వయంగా నకళ్ళు తీసిన చిత్రకారిణి. ఆమే 1909–11 మధ్య, అప్పటి నిజాం రాజ్యంలోని అజంతాకు వచ్చి గుహల చిత్రాలకు నకళ్ళు తీసింది. ఆమెతో పనిచేసిన మనవాళ్ళలో నందలాల్ బోస్, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అహ్మద్ ఉన్నారు.

నకళ్ళు తీస్తే సొంత ప్రతిభ చచ్చిపోతుందని కొందరి భయం. మైకెలాంజిలోను చూడండి. పేతురు బరువైన దుప్పటి మడతలు గీసిన ఆ చేయే 1508–12 మధ్య సిస్టీన్ చాపెల్ పైకప్పును చిత్రించింది. అది మసాచ్చోకు నకలని ఎవరైనా అనగలరా? గురువుగారి గీత ఎక్కడ మన చేతికి లొంగలేదో అక్కడే మన గీత మొదలవుతుంది.

ఒక్క నియమం మాత్రం మరవకండి. పరీక్షలో కాపీ కొట్టినవాడు అసలు ఎక్కడిదో దాచిపెడతాడు. చిత్రంలో నకలు తీసినవాడు ‘మసాచ్చో చిత్రానికి నకలు’ అని కింద రాసి, ఆ పక్కన తన పేరు పెట్టుకోవాలి.