ముందు డ్రైవరు ఎందుకు దిగాడు?

హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. విజయవాడ ఆటోనగర్‌ లాంటిచోట బండ్లకు కొదవలేదు. ఎవరి బండి ఎక్కాలన్నదే సమస్య. కొత్తవాడు మొదట అడిగేది జీతం, బత్తా. సీనియర్లు మాత్రం 'ముందు డ్రైవరు ఎందుకు దిగిపోయాడో కనుక్కో' అంటారు.

ఓనర్ని అడిగితే 'వాడికి ఒళ్లు వంగదండీ' అంటాడు. అందుకే దిగిపోయినవాణ్నే వెతికి పట్టుకోవాలి. బత్తా బయల్దేరేముందే ఇచ్చేవాడా, తిరిగొచ్చాక లెక్కల్లో కోసేవాడా? ఓవర్‌లోడు వేసి పంపితే చలానా ఎవరి జేబులోంచి పోయింది? అర్ధరాత్రి కళ్లు మూతలు పడుతున్నాయని ఫోన్‌ చేస్తే 'పక్కకాపి పడుకో' అన్నాడా, 'తెల్లారేసరికి అన్‌లోడు కావాలి' అన్నాడా? ఈ చివరిదానికి జవాబు ప్రాణంతో సమానం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. ఆ లెక్క లారీల దాకా వచ్చింది తక్కువే!

ఆ తర్వాత బండి చుట్టూ ఓసారి తిరగాలి. టైర్లు, బ్రేకులు చూశాక ఫిట్‌నెస్‌, పర్మిట్‌, ఇన్సూరెన్సు కాగితాల మీద తేదీలు చూడాలి. అడగడానికి మొహమాటపడితే, రేపు చెక్‌పోస్టు దగ్గర జవాబు చెప్పాల్సింది స్టీరింగ్‌ పట్టుకున్నవాడే. ప్రమాదంలో డ్రైవరుకు దెబ్బ తగిలితే పరిహారానికి ఆధారం కూడా ఆ ఇన్సూరెన్సే.

కొందరు ఓనర్లు మొదటి నాలుగు ట్రిప్పులూ పక్కన సీనియర్ని కూర్చోబెట్టి పంపిస్తారు, ఘాట్‌రోడ్డయితే స్టీరింగ్‌ అతనికే ఇమ్మంటారు. జీతం వెయ్యి తక్కువైనా ఆ బండే ఎక్కమంటారు పెద్ద డ్రైవర్లు.