గేటుకు వినిపించే రేకు

షాంపూ సీసా అడుగునో, రేజర్ బ్లేడ్ల ప్యాకెట్టు వెనుకో, పౌడరు డబ్బా పెట్టె లోపలో ఒక తెల్లని ప్లాస్టిక్ బిళ్ళ అంటించి ఉంటుంది. చిటికెన వేలంత కూడా ఉండదు. చాలావాటి మీద ఉత్తుత్తి బార్‌కోడ్ ఒకటి ముద్రించి ఉంటుంది కాబట్టి ధర చీటీ అనుకుని వదిలేస్తాం. ఈసారి దాన్ని పారెయ్యకుండా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. లోపల ఏదో సన్నగా గలగలమంటుంది. బ్లేడుతో అంచు కోసి తెరిస్తే ఒక పక్క అతుక్కుపోయిన రేకు, దాని పక్కనే చిన్న అరలో వదులుగా పడున్న తళతళలాడే మరో రేకో రెండో కనిపిస్తాయి. పొడవు సుమారు 38 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు. అంతే. బ్యాటరీ లేదు, తీగ లేదు, చిప్పు లేదు.

ఆ రేకును కావాలనే వదులుగా ఉంచారు. అది కదలాలి. కదలకపోతే షాపు గుమ్మం దగ్గర నిలబెట్టిన స్తంభాలకు ఏమీ వినపడదు.

ఈ రేకు దాకా రావడానికి కథ చాలా దూరం నడిచింది. 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి పిగ్లీ విగ్లీ పేరుతో ఒక కిరాణా షాపు తెరిచాడు. అప్పటిదాకా అక్కడి కొట్లు కూడా మన ఊరి కొట్ల లాగే నడిచేవి. కావలసింది చెబితే గుమాస్తా లోపలి నుంచి తెచ్చి, తూచి, పొట్లం కట్టి ఇచ్చేవాడు. సరుకు మీద మన చెయ్యి పడేది డబ్బులిచ్చాకే. సాండర్స్ ఆ పద్ధతి తీసేశాడు. బుట్ట చేతికిచ్చి, అరల మధ్య తిరిగి కావలసింది మీరే తీసుకోండి అన్నాడు. జీతాల ఖర్చు తగ్గింది, అమ్మకాలు పెరిగాయి, ప్రపంచమంతా ఆ దారి పట్టింది. అయితే సరుకు దాకా వెళ్ళిన చెయ్యి అక్కణ్ణుంచి సంచిలోకి, కోటు లోపలికి కూడా వెళ్ళగలదు. దాదాపు యాభై ఏళ్ళపాటు దీనికి విరుగుడు కాపలా మనుషులు, మూలల్లో బిగించిన ఉబ్బెత్తు అద్దాలు, గొలుసులు, తాళాల బీరువాలు. తాళం వేస్తే దొంగ ఆగుతాడు, కొనేవాడూ ఆగిపోతాడు.

1960ల మధ్యలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో క్రోగర్ సూపర్‌మార్కెట్ మేనేజరుగా రొనాల్డ్ అసాఫ్ అనే యువకుడు పనిచేసేవాడు. ఒకడు వైన్ సీసాలు పట్టుకుని పరుగెత్తితే వెంటపడ్డాడు, దొరకలేదు. అసాఫ్‌కు బంధువైన జాక్ వెల్చ్ సొంతంగా పరికరాలు తయారుచేస్తుండేవాడు (జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ వేరు). ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన పని చివరికి సెన్సార్మాటిక్ కంపెనీ అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లో ఆర్థర్ మినాసీ కూడా అదే చిక్కు మీద కూర్చున్నాడు. 1966లో అతను నోగో అనే కంపెనీ పెట్టాడు. ఎవరు ముందు అన్న వాదన కన్నా నాకు ముఖ్యంగా తోచేది ఇద్దరికీ తట్టిన ఒకే ఆలోచన. అప్పటిదాకా అందరూ మనిషిని కనిపెట్టాలని చూశారు. వీళ్ళు మనిషిని వదిలేసి వస్తువును పలికించాలనుకున్నారు. డబ్బు కడితే దాని నోరు మూయించి పంపుతారు, కట్టకపోతే గుమ్మం దగ్గర అది పలుకుతుంది.

ఎలా పలికించాలి? సెన్సార్మాటిక్ తొలి ట్యాగుల్లో ఒక చిన్న యాంటెన్నా, ఒక డయోడ్ ఉండేవి. గేటు 915 మెగాహెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్ తరంగం పంపితే డయోడ్ దాన్ని వంకర చేసి రెట్టింపు పౌనఃపున్యంలో తిప్పి పంపేది. షాపులో మరే వస్తువూ చెయ్యని పని అది. కాబట్టి రెట్టింపు తరంగం వినిపిస్తే ట్యాగ్ ఉన్నట్టే. బట్టల షాపులు దీన్ని ఆదరించాయి. కానీ మైక్రోవేవ్‌లను నీరు మింగేస్తుంది, మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. చంకలో గట్టిగా అదుముకుని నడిస్తే ట్యాగ్ గొంతు బయటికి రాదు. ఈ కిటుకు దొంగలకు తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఇంకో దారి అంతకు ముప్పై ఏళ్ళ ముందే ఫ్రాన్స్‌లో సిద్ధంగా ఉంది. 1934లో పియెర్ పికార్ అనే ఆయన ఒక పేటెంటు తీసుకున్నాడు. పెర్మలాయ్ అనే నికెల్ ఇనుము మిశ్రమ లోహాన్ని అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రంలో పెడితే దాని అయస్కాంతత్వం మెల్లగా మారదు, ఉన్నట్టుండి పల్టీ కొడుతుంది. ఆ పల్టీలోంచి అసలు పౌనఃపున్యానికి ఎన్నో రెట్లున్న తరంగాలు పుడతాయి. మామూలు ఇనుము, తాళంచెవులు ఇంత పదునుగా పలకవు. 1970లో 3ఎం కంపెనీ ఈ సూత్రంతోనే గ్రంథాలయాల కోసం సన్నని పట్టీ తెచ్చింది. పుస్తకం వెన్నులో, రెండు పేజీల మధ్య లోతుగా అంటిస్తే కంటికి కనబడదు. ఇచ్చేటప్పుడు పట్టీ నోరు మూయించి, తిరిగొచ్చాక మళ్ళీ మేల్కొల్పవచ్చు. వెళ్ళి తిరిగొచ్చే వస్తువుకు ఇంతకన్నా అనువైనది లేదు.

సూపర్‌మార్కెట్లలో ఎక్కువగా కనిపించే చదరపు కాగితం స్టిక్కర్‌ది మూడో దారి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల చుట్లు చుట్లుగా అల్యూమినియం గీత కనిపిస్తుంది. అది కాయిల్, దానితో ఒక కెపాసిటర్. రెండూ కలిసి 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతాయి. కౌంటర్లో బలమైన తరంగం తగలగానే కెపాసిటర్‌లోని పలుచని పొర చిల్లుపడి ట్యాగ్ చచ్చిపోతుంది. చౌక, పలుచన. లోహపు డబ్బాల మీద, రేకు పొట్లాల మీద మాత్రం సరిగ్గా పనిచెయ్యదు.

ఇక మన గలగల రేకు. అన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే. దీని వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరిశోధనలున్నాయి. 1842లో జేమ్స్ జౌల్, అయస్కాంత క్షేత్రంలో ఇనుము పొడవు రవ్వంత మారుతుందని కనిపెట్టాడు. 1960లో కాల్‌టెక్‌లో పాల్ డ్యూవెజ్ బృందం కరిగిన బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని కళ్ళు మూసి తెరిచేలోగా చల్లబరిచింది. పరమాణువులు వరసలో కుదురుకునే వ్యవధి లేక, గాజులో మాదిరిగా చెల్లాచెదురుగా ఉన్న చోటే గడ్డకట్టాయి. అలా అస్ఫటిక లోహం పుట్టింది. న్యూజెర్సీలోని అలైడ్ కంపెనీ దీన్ని కర్మాగారానికి తెచ్చింది. గిర్రున తిరిగే చల్లని చక్రం మీద కరిగిన లోహాన్ని ధారగా పోస్తారు. సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారి పలుచని రిబ్బనుగా ఎగిరి వస్తుంది. ఈ రకం లోహం ఇప్పుడు కొన్ని కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లలోనూ ఉంటోంది.

అలైడ్‌లో పనిచేసిన ఫిలిప్ ఆండర్సన్ బృందం ఇనుము, నికెల్, మాలిబ్డినం, బోరాన్ కలిసిన ఇలాంటి రిబ్బనును ముక్కలుగా కోసి చూసింది. మారే అయస్కాంత క్షేత్రంలో ముక్క సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. సాగేది మైక్రానులో కొంత భాగం మాత్రమే. కానీ ఆ కదలిక రేకు సహజ కంపనంతో కలిస్తే బలం పుంజుకుంటుంది. రేకులో ధ్వని సెకనుకు సుమారు 4,400 మీటర్లు ప్రయాణిస్తుంది. 38 మిల్లీమీటర్ల రేకులో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళి తిరిగి రావడం సెకనుకు దాదాపు 58,000 సార్లు జరుగుతుంది. నేటికీ ఈ గేట్లు పనిచేసే పౌనఃపున్యం 58 కిలోహెర్ట్జే. ఇంత పొడవు కోస్తే ఇంత స్వరం. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కనుక మనకు వినపడదు.

అసలు తెలివి గేటు వినే పద్ధతిలో ఉంది. గుళ్ళో గంట కొట్టి చెయ్యి తీసేశాక కూడా కాసేపు మోగుతూనే ఉంటుంది కదా, రేకు కూడా అంతే. గేటు సెకనులో అతి చిన్న భాగంపాటు 58 కిలోహెర్ట్జ్ క్షేత్రాన్ని పంపి, చటుక్కున ఆపేసి, చెవి ఒగ్గుతుంది. తాను మాట్లాడటం ఆపేసింది కాబట్టి తన అరుపు తనకు అడ్డం రాదు. ఆ నిశ్శబ్దంలో అదే స్వరం సన్నగిల్లుతూ వినిపించిందా, అక్కడ రేకు ఉన్నట్టే. సెకనుకు పదుల సార్లు ఇలా పిలిచి, ఆగి, వింటుంది. ఈ పద్ధతికి 1985లో పేటెంటు వచ్చింది, సెన్సార్మాటిక్ దాన్ని దుకాణాలకు చేర్చింది.

మరి పక్కనే అతుక్కుపోయిన ఆ రేకు దేనికి? అది చిన్న అయస్కాంతం. దాని తోడు ఉంటేనే వదులుగా ఉన్న రేకు సరైన స్వరంలో గట్టిగా మోగుతుంది. బిల్లు కౌంటర్లో సరుకును ఒక నల్లటి పలక మీద పెట్టి జరుపుతారు చూడండి, అక్కడ ఆ అయస్కాంతత్వం పోతుంది. స్వరం పక్కకు తప్పుతుంది. రేకు ఇంకా కంపించగలదు, కానీ గేటు వెతికే చోట కాదు.

బట్టలకు బిగించే గట్టి ప్లాస్టిక్ ట్యాగులో మరో ముచ్చటైన పనితనం ఉంది. బట్టలోంచి దూసిన మేకును లోపల మూడు చిన్న ఉక్కు గుండ్లు చుట్టూ పట్టుకుని ఉంటాయి. గుండ్లు కూర్చున్నది ఒకవైపు సన్నబడే గొట్టంలో. మేకును లాగితే గుండ్లు సన్నని వైపు జారి పట్టు ఇంకా బిగుస్తుంది. ఎంత బలంగా లాగితే అంత బిగువు. కౌంటర్లోని బలమైన అయస్కాంతం లోపలి స్ప్రింగు బలాన్ని మించి గుండ్లను వెనక్కి గుంజితేనే అవి విడిపోయి మేకు ఊడివస్తుంది.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఈ గేటుకు తెలిసింది ట్యాగ్ ఒక్కటే, దొంగ ఎవరో దానికి తెలియదు. రద్దీలో క్యాషియరు ఒక వస్తువును పలక మీద సరిగ్గా జరపకపోయినా, వేరే షాపులో కొన్న చెప్పుల ట్యాగ్ ఇంకా బతికే ఉన్నా మోగుతుంది. మోగిన ప్రతిసారీ పదిమంది తలలు తిప్పి చూస్తారు. డబ్బు కట్టిన మనిషి, చేతిలో బిల్లు పట్టుకుని, తప్పు చేసినట్టు నిలబడాల్సి వస్తుంది. "మేడమ్, ఒక్క నిమిషం, ట్యాగ్ తీయడం మర్చిపోయినట్టున్నారు" అని మర్యాదగా చెప్పే గార్డులున్నారు. సంచి లాక్కుని అందరి ముందూ కుమ్మరించేవాళ్ళూ ఉన్నారు. పంతొమ్మిదేళ్ళ క్యాషియరు పొరపాటుకు కొనుక్కున్నవాళ్ళను అనుమానించే హక్కు ఏ షాపుకూ లేదు. గార్డుకు ఈ యంత్రం ఏం వింటుందో నేర్పించాకే గేటు దగ్గర నిలబెట్టాలి.

గుండెలో పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ పెట్టించుకున్నవాళ్ళకు ఇంకో జాగ్రత్త. 1998లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్, ఇలాంటి గేటు డీఫిబ్రిలేటర్‌ను తికమక పెట్టిన ఒక సంఘటనను ప్రచురించింది. మామూలుగా నడిచి దాటిపోతే భయం లేదు. ఆ స్తంభాల పక్కన ఆగవద్దు, వాటికి ఆనుకోవద్దు అన్నదే డాక్టర్ల మాట.

దొంగలూ ఊరుకోలేదు. సంచి లోపల అల్యూమినియం రేకు పరిచి తరంగాలను అడ్డుకున్నారు. అలాంటి సంచులను పసిగట్టే లోహ శోధకాలను గేట్లలో చేర్చారు. ఇంకోవైపు ట్యాగులను షాపులో కాక తయారీ దగ్గరే, పెట్టె లోపలే పెట్టించడం మొదలైంది.

ఇప్పుడు వస్తున్నది ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పు. కారు అద్దం మీది ఫాస్టాగ్‌ది కూడా ఇదే కుటుంబం. గలగల రేకు "ఉన్నాను" అని మాత్రమే అంటుంది. ఈ చిప్పు "నేను ఫలానా చొక్కాను" అని తన సొంత నంబరు చెబుతుంది. షాపుకు సరుకు లెక్కలు తేలిక అవుతాయి, కానీ ఇంటికి వెళ్ళాక కూడా ఆ చొక్కా తన నంబరు చెప్పగలదు. 2003లో బెనెట్టన్ కంపెనీ దుస్తుల్లో ఇలాంటి చిప్పులు కుట్టబోతోందన్న వార్తతో బహిష్కరణ పిలుపు వచ్చి, కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. తర్వాత వచ్చిన ప్రమాణంలో చిప్పును శాశ్వతంగా చంపేసే ఆదేశం ఒకటి చేర్చారు. అయితే దాన్ని ఇవ్వగలిగేది షాపువాళ్ళే, అందరూ ఇవ్వరు. చొక్కా పక్క కుట్టులో కాస్త గట్టిగా తగిలే తెల్లని లేబుల్ ఉంటే తిప్పి చూడండి. చాలావాటి మీద చిన్న కత్తెర బొమ్మ, చుక్కల గీత ఉంటాయి. ఆ గీత వెంబడి కత్తిరించి పారేసి, తర్వాత ఉతకండి.