వేపనూనె నీటిలో కలియుటకు సబ్బు ఎందుకు?

వేపనూనెను వట్టి నీటిలో పోసి పైరుపై చల్లి చూచితిరా? ఎంత కలిపినను నూనె పైకి తేలును. స్ప్రేయరునుండి మొదట నీరు వచ్చును. చివరకు వట్టి నూనె వచ్చి పడినచోట ఆకులు మాడును. పురుగు చావదు, ఖర్చు దండుగ యగును. దీని కారణము తెలిసికొన్నచో నివారణ సులభము.

నూనెలు గ్లిజరినుతో కొవ్వు ఆమ్లములు కూడి ఏర్పడినవి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రల్ 1823లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమును వివరించెను. ఒక్కొక్క ఆమ్లము కర్బన పరమాణువులను వరుసగా కూర్చిన గొలుసు వంటిది. దాని తలకు నీరన్న ఇష్టము. తోకకు నీరు గిట్టదు. తోక పొట్టిదైనచో తలయే గెలుచును. వెనిగరులోని ఆమ్లమునకు కర్బనములు 2. వెన్న చెడినప్పుడు వాసన కొట్టు బ్యుటిరిక్ ఆమ్లమునకు 4. ఈ రెండును నీటిలో పూర్తిగా కలియును. కొబ్బరినూనెలో దాదాపు సగముండు లారిక్ ఆమ్లమునకు 12. వేప, వేరుసెనగ నూనెలలో హెచ్చుగానుండు ఓలియిక్ ఆమ్లమునకు 18. ఇచ్చట తోకదే పైచేయి; కనుక ఇవి నీటిలో కరుగవు.

కొవ్వు ఆమ్లము కాస్టిక్ సోడాతో చేరినచో సబ్బు అగును. అప్పుడు తలకు బలము హెచ్చి, పొడవైన తోకను సైతము నీటిలోనికి లాగును. ఆ తోకలు నూనె చుక్కలను పట్టుకొనును, తలలు నీటిని పట్టుకొనును. నూనె తేలక, మందు పాలవలె తెల్లనగును.

సబ్బు తయారీలోను గొలుసు పొడవును గమనింపవలెను. ఒక్కొక్క గొలుసునకు ఒక్కొక్క పాలు సోడా కావలెను. సమానమైన తూకములో పొట్టి గొలుసులు ఎక్కువ సంఖ్యలో నుండును. అందుచేత 1 కిలో కొబ్బరినూనెకు సుమారు 180 గ్రాముల కాస్టిక్ సోడా పట్టును. వేరుసెనగ నూనెకు సుమారు 135 గ్రాములు చాలును. కొబ్బరినూనె లెక్కను వేరుసెనగ నూనెకు వాడినచో సోడా మిగిలి చేతులను, ఆకులను కాల్చును.

మీ బావినీటిని కూడ పరీక్షింపుడు. గ్లాసెడు నీటిలో కొంచెము సబ్బు కలుపుడు. నురుగు రాక తెల్లని తరకలు కట్టినచో అందు సున్నపు లవణములు హెచ్చు. అవి సబ్బు గొలుసులను రెండేసి చొప్పున బంధించి కరుగకుండ చేయును. అట్టి నీటిలో సబ్బు వ్యర్థము. వాననీటిని గాని, నురుగు బాగుగా వచ్చు మరియొక నీటిని గాని వాడవలెను.

9 కర్బనముల పెలర్గానిక్ ఆమ్లము ఆకులను మాడ్చును. దానిని కలుపు మందుగా వాడుదురు. 18 కర్బనముల ఓలియిక్ ఆమ్లపు పొటాషు సబ్బు పేనుబంకను చంపును. కావున ఏ సబ్బైనను ఒకటే యని తలపరాదు.

చేయవలసిన పద్ధతి యిది: ముందుగా సబ్బును కొద్ది నీటిలో కరిగింపుడు. లీటరునకు 5 మిల్లీలీటర్ల చొప్పున వేపనూనెను కొంచెము కొంచెముగా పోయుచు బాగుగా చిలుకుడు. తెల్లబడిన పిదప మిగిలిన నీరు కలిపి వెంటనే చల్లుడు. మొదట నాలుగైదు మొక్కలపై చల్లి, మరునాడు ఆకులు బాగుగానున్నచో సాయంకాలము పొలమంతయు చల్లుడు. సబ్బు తడిగానున్నంతసేపే పనిచేయును గనుక, పేనుబంక దాగియుండు ఆకుల అడుగుభాగము బాగుగా తడియవలెను.