కొబ్బరి చిప్పలో నారుమడి

విజ్జేశ్వరము వద్ద పశ్చిమ డెల్టా కాలువకు నీరు వదలిరన్న వార్త వినబడగానే నిడదవోలు చుట్టుపట్ల రైతుల ఇండ్లలో విత్తనము నానవేయు సందడి మొదలగును. వడ్లను గోనెసంచిలో పోసి ఒక పగలు, ఒక రాత్రి నాననిచ్చి, నీరు ఓడ్చి, ఇంటిలో ఒక మూల గడ్డి కప్పి మండె కట్టుదురు. మరునాడు సంచిలో చేయి పెట్టినచో వెచ్చగా తగులును. గింజ ఊపిరి పీల్చుటవలన పుట్టిన వేడి అది. ముక్కు పగిలి తెల్లని మొలక కనిపించిన వెంటనే ఆకుమడిలో చల్లవలెను. ఆలస్యమైనచో వేళ్లు పెనవేసికొనును, వేడి మితిమీరి మొలక చెడిపోవును.

పెండ్లి యిండ్లలోను ఇదే విద్య. పుట్టమన్ను నింపిన మట్టి పాలికలలో నానిన నవధాన్యములు చల్లి, ముత్తైదువలు నీరు చిలకరించి, దేవుని గదిలో ఉంచుదురు. మూడు నాలుగు దినములలో మొలకలు పైకి వచ్చును.

ఇంటిలోపల విత్తనము మొలిపించుట ఈ సీమవారికి ఇంతగా అలవాటైన పని. అయినను పెరటిలో నాలుగు వంగ మొక్కలు వేయదలచినప్పుడు నారు ఎక్కడ కొందుమా అని చూచువారు ఇప్పుడు చాలమంది ఉన్నారు. రైలులో గోదావరి దాటి, రాజమహేంద్రవరము మీదుగా పోయినచో కడియము స్టేషను వచ్చును. కడియపులంక నర్సరీలలో ఎటు చూచినను మొక్కలే. కాని కొనిన మొక్క వెలలో నీడవలల ఖర్చు, కూలి, రవాణా అన్నియు చేరియుండును. బడిపిల్లవాని చేతికి అందునది విత్తనమే. పండిన ఒక్క నాటు టమాటాలో (పెద్దలు దీనిని రామములగ అందురు) పదులకొద్ది గింజలు ఉండును.

చలిదేశములలో కిటికీ లోపల విత్తనము వేయుటకు కారణము మంచు. నిడదవోలులో ఆ బాధ లేదు. ఇక్కడ తొలకరి జల్లు ఒక్కసారి పడినచో చిన్నవైన మిరప, వంగ విత్తులు మట్టితో కూడ కొట్టుకొనిపోవును. మిగిలినవానిని చీమలు మోసికొనిపోవును, మొలచినవానిని కోళ్లు గీరివేయును. నెలరోజులు వసారాలో కాపాడినచో పెరటిలో నిలబడగల బలము మొక్కకు వచ్చును.

దీనికి కావలసిన పాత్ర వంటింటిలోనే కలదు. కొబ్బరికాయకు మూడు కండ్లు. వానిలో ఒకటి మెత్తనిది. చెట్టు కాదలచిన కాయనుండి మొలక వెలికి వచ్చునది ఆ కంటినుండియే. ఆ కన్నున్న చిప్పను తీసికొని, మేకుతో దానిని పొడిచినచో అధికముగా ఉన్న నీరు కారిపోవుటకు దారి ఏర్పడును. అరటి దొప్పలు, అడుగున చిల్లు పెట్టిన పాలసంచులు కూడ పనికివచ్చును. చదివి ముగించిన ఆదివారపు పత్రికను గ్లాసు చుట్టు చుట్టి, అడుగు మడిచి తీసినచో అదియు ఒక కుండీయే. దానిని కాగితముతో సహా నేలలో పాతవచ్చును. బీర, కాకర, సొర వంటి తీగలకు వేరు కదలుట గిట్టదు కనుక వానికి ఇది మిక్కిలి అనుకూలము. చీమల బెడద ఉన్నచో నీళ్ల పళ్లెములో ఇటుకముక్క పెట్టి, దానిపై చిప్పలను నిలుపవలెను.

మట్టి విషయమున మాత్రము కొంత జాగ్రత్త వలయును. డెల్టా ఒండ్రు నేల వరికి ఎంత మంచిదో చిప్పలోని చిన్న వేరుకు అంత బరువు. తడిసినప్పుడు బంకగా మారి, ఆరినప్పుడు పెంకువలె గట్టిపడును. అందుచేత మట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపుదురు. కొబ్బరి పొట్టు వాడినచో ముందుగా రెండు మూడు నీళ్లలో కడుగవలెను. దానిలోని ఉప్పు, వగరు లేత వేరుకు హాని చేయును. విత్తును దాని మందమునకు రెండు మూడు రెట్ల లోతున వేసినచో చాలును. పిల్లలు ఉత్సాహముకొద్ది వ్రేలెడు లోతున దూర్చివేయుదురు. చిన్న గింజలో దాచుకొన్న ఆహారము అంత దూరము ఎక్కివచ్చుటకు చాలదు.

మొలచువరకు ఈ కూరగాయల విత్తులకు వెలుతురుతో పని లేదు. తడి, గాలి, వెచ్చదనము ఉన్నచో చాలును. పైన తడి గోనెపట్టా కప్పి ఉంచవచ్చును. టమాటా వారములోపుననే తల ఎత్తవచ్చును. వంగకు, మిరపకు ఇంకను కొన్ని దినములు పట్టును. అయితే మొదటి మొలక కనిపించిన నాడే పట్టా తీసివేయవలెను. ఇంటి నారు పాడగునది ఎక్కువగా ఈ ఒకటి రెండు దినముల ఏమరుపాటు వలననే. చీకటి మూలనున్న పాలికలోని మొలకలు పొడుగుగా, పాలిపోయి ఉండుట అందరును చూచినదే. వెలుతురును వెదకుచు మొలక తన నిలువ ఆహారమునంతయు పొడవు పెరుగుటకే ఖర్చు చేయును. అట్టి నారు పెరటిలో మొదటి గాలికే ఒరిగిపోవును.

మొలక వెలుతురువైపు ఏల వంగునని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డిమొలకలపై ప్రయోగములు చేసి 1880లో ఒక గ్రంథము ప్రకటించిరి. మొలక కొనకు టోపీ పెట్టి వెలుతురు తగులకుండ చేసినచో అది వంగలేదు. క్రింది భాగమునే కప్పి కొనను విడిచినచో వంగినది. వెలుతురును గుర్తించునది కొన, వంగునది దాని క్రింది భాగము. దూత వంటి పదార్థమేదో కొననుండి దిగుచున్నదని తరువాతివారు ఊహించిరి. 1926లో ఫ్రిట్స్ వెంట్ దానిని వేరుచేసి చూపెను. ఆక్సిన్ అను పేరు పొందినది అదియే. ఈ ప్రయోగమునకు ఏ బడిలోనైనను గుప్పెడు వడ్లు, వెండికాగితపు ముక్కలు, ఒక వైపు చిల్లు పెట్టిన అట్టపెట్టె చాలును.

వెలుతురు తరువాత చూడవలసినది నీరు. ప్రేమ ఎక్కువై రోజుకు నాలుగు సార్లు పోసినచో మొదలు మెత్తబడి నారు కుప్పకూలును. దీనినే రైతులు నారుకుళ్ళు తెగులు అందురు. పలుచగా విత్తి, ఉదయము వ్రేళ్లతో చిలకరించి, పైమట్టి ఆరిన తరువాతనే మరల తడుపుట దీనికి ఖర్చులేని మందు.

ఇంతకును విత్తనము ఎక్కడిది? వెనుకటి యిండ్లలో పాదుకు కాచిన మంచి బీరకాయకు గుడ్డపేలిక కట్టి, ఇది విత్తనమునకని విడిచిపెట్టువారు. ఎండిన గింజలను బూడిదలో కలిపి అటుకమీద భద్రపరచువారు. ఒక్క ఏడు ఆ కాయను కోసి కూర వండినచో ఆ యింటి బీర అంతటితో సరి. పొరుగింట ఎవరైనను దాచియున్నచో తప్ప మరల దొరకదు. ఇప్పుడు అంగడిలో దొరకు సంకర విత్తనము బాగుగా కాయవచ్చును గాని, దాని కాయలోని గింజ తల్లిని పోలునన్న నమ్మకము లేదు. పూసా రూబీ టమాటా వంటి సూటి రకమునుండి మాత్రము గింజ తీసి దాచుకొనవచ్చును. టమాటా గుజ్జును రెండు మూడు దినములు పులియనిచ్చి, కడిగి, నీడన ఆరబెట్టవలెను. గింజచుట్టు ఉన్న జిగురు మొలకను అణచియుంచును. పులిసినప్పుడు అది విడిపోవును. పాత గింజపై అనుమానమున్నచో పది గింజలను తడిగుడ్డలో చుట్టి చూడవలెను. ఏడు మొలచినచో విత్తవచ్చును; మూడే మొలచినచో దట్టముగా చల్లవలెను.

టమాటా నారు 25-30 దినములకు, వంగ 30-35, మిరప 35-40 దినములకు నాటుటకు వచ్చును. దానికి వారము ముందునుండి చిప్పలను అరుగుమీదికి తెచ్చి, మొదట ప్రొద్దుటి ఎండలో గంటసేపు, తరువాత పూటంతయు ఉంచుదురు. నాటునది సాయంకాలము, మరునాడు ఎండ కాసినచో అరటి దొప్పను గొడుగువలె కప్పుదురు. పది చిప్పల నారులో ఆరు చిప్పలదే పెరటికి సరిపోవును. మిగిలిన నాలుగు ప్రహరీగోడ మీదుగా పొరుగింటికి పోవును.